నాన్న షూస్‌కి రంగేశా, తప్పా?

ప్లేస్‌మెంట్స్ మొదలయ్యాయంటే హాస్టల్లో రెండే టాపిక్స్: కోడింగ్ రౌండ్, ఫార్మల్ షూస్. పోయినేడు సీనియర్లు హడావిడిగా కొన్నవాటిలో చాలావాటికి ఆర్నెల్లు తిరక్కుండానే పైపొర పొలుసుల్లా ఊడింది. అది తోలు కాదు, బట్ట మీద ప్లాస్టిక్ పూత. తోలుకి వేసే డై దానికి ఎక్కదు.

నేను మాత్రం నాన్న పాత టాన్ షూస్ తెచ్చుకున్నా. అసలు తోలువే, కానీ వెలిసిపోయాయి. కాలేజీ గేటు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకి చూపిస్తే, "తోలు బాగుంది బాబూ, ముందు పాత పాలిష్ దించు" అన్నారు.

ఆ మాట సగమే విన్నా. అసిటోన్‌తో పైపైన తుడిచేసి డై వేశా. మైనం మిగిలిన చోట రంగు పట్టక కుడి షూ మచ్చలు మచ్చలుగా తేలింది. మళ్ళీ మొదటికి! ఈసారి కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని (అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది), మెరుపు పూర్తిగా పోయేదాకా తుడిచా. ముదురు గోధుమ రంగు డైని పాత బనీను గుడ్డతో పల్చగా మూడు పూతలు వేశా, ఒకటి ఆరాకే ఇంకోటి. ముక్కు దగ్గర, మడమ దగ్గర ఇంకో పూత ఎక్కువ వేస్తే నీడ పడ్డట్టు వస్తుంది. అదే యాంటిక్ లుక్. మర్నాడు కండిషనర్, ఆపైన పాలిష్. గుర్తుంచుకోండి, డైతో లేత రంగుని ముదురు చేయగలం గానీ ముదురుని లేత చేయలేం.

ఇదంతా చేస్తుంటే ఫ్రెండ్ ఒకడు "బీటెక్ చదువుతూ ఇదేం పనిరా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ గుచ్చుకుంది. సాల్వెంట్ పూతని కరిగించడం, రంగు తోలు పీచుల్లోకి ఇంకడం... ఇదంతా కెమిస్ట్రీయే కదా! చెన్నైలో 1948 నుంచీ తోలు పరిశోధనకే ఒక కేంద్ర సంస్థ ఉంది. ల్యాబ్‌లో చేస్తే సైన్సు, చెట్టు కింద చేస్తే చిన్న పనా? ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో మనందరికీ తెలుసు. తోలు ముట్టుకునేవాళ్ళ కులం చూసి ఆ పనికి విలువ కట్టడం అలవాటైపోయింది మనకి.

అందుకే అంటున్నా, కొత్తవి కొనేముందు ఇంట్లో పాతవి వెతకండి. ఒక్కసారి మీ చేత్తో రంగు వేసి చూడండి. ఆ తర్వాత గేటు దగ్గర పెద్దాయనతో పది రూపాయల కోసం బేరమాడటానికి నోరు రాదు.

నా కుడి షూ ఇప్పటికీ ఎడమదాని కంటే ఒక పిసరు ముదురే. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే మొత్తం ప్రాసెస్ చెప్తా!