వైద్యుని తప్పును విచారించవలసినదెవరు?

మనిషి తన శరీరాన్ని పూర్తిగా మరొకరి చేతికి అప్పగించే సందర్భాలు మూడే. పుట్టినప్పుడు మంత్రసానికి, కన్నుమూసినప్పుడు గుస్ల్ చేయించే వారికి, నడుమ జబ్బు చేసినప్పుడు వైద్యునికి. మొదటి రెండు వేళలలో మనకు తెలివి ఉండదు. మూడవ వేళలో మాత్రం తెలిసి, నమ్మి అప్పగిస్తాము. ఉర్దూలో దీనినే అమానత్ అంటారు. ఒకరు నమ్మి ఉంచినదానిని చెడకుండా కాపాడి తిరిగి అప్పగించవలసిన బాధ్యత అని దాని భావం. ఆ అమానత్‌కు భంగం కలిగినప్పుడు విచారించవలసిన వారెవరు? విద్యార్థులు, కళాశాల కమిటీ పెద్దలు కొంత ఆలోచించవలెనని ఈ ప్రశ్నను వారి ముందుంచుతున్నాను.

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురైనది కాదు. కొన్ని సంవత్సరాల క్రితం మా ఖాలా కడుపునొప్పితో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. లోపల ఏమున్నదో చూడడానికి మత్తు ఇస్తామని చెప్పి, ఇంగ్లీషులో అచ్చయిన కాగితంపై ఆమె చేత సంతకం చేయించుకున్నారు. ఆమె ఉర్దూలో సంతకం చేసింది. ఉర్దూ చదవగలదనడానికి ఆ సంతకమే సాక్ష్యం. అయినను ఆ కాగితంలో ఏమున్నదో ఉర్దూలో గాని, తెలుగులో గాని ఆమెకు చెప్పిన వారు లేరు. మెలకువ వచ్చిన తరువాత గర్భసంచి తీసివేసినట్లు తెలిసింది. తీయవలసిన అవసరం ఉన్నదో లేదో నేను చెప్పలేను. వైద్యం నా శాస్త్రం కాదు. కాని ఆమెను అడగలేదన్న మాట మాత్రం నిజం. కేసు కాగితాలు ఇమ్మంటే “రేపు రండి” అన్నారు. ఆ రేపు నెలన్నర సాగింది. కాగితాలు పొందే హక్కు మాకున్నదని, ఫిర్యాదు చేసుకొనడానికి వైద్యమండలి అనేది ఒకటి కలదని ఎం.ఏ. చదివిన నాకే ఆనాడు తెలియదు. అందుకు నేటికీ సిగ్గుపడుతున్నాను.

వైద్యుని నడవడికి కట్టుబాట్లు ఉండాలన్నది క్రొత్త ఊహ కాదు. చరకసంహిత విమానస్థానంలో శిష్యునికి చేసే ఉపదేశం ఉన్నది. భర్తగాని, సంరక్షకుడుగాని లేనిచోట స్త్రీకి చికిత్స చేయరాదని, రోగి ఇంటి రహస్యాలు బయట పెట్టరాదని అందులో చెప్పారు. కౌటిల్యుని అర్థశాస్త్రం చికిత్సాదోషం వలన రోగి మరణిస్తే వైద్యునికి దండనను విధించింది. క్రీ.శ. 931లో బాగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వలన ఒక రోగి చనిపోగా, ఖలీఫా అల్ ముఖ్తదిర్ నగరంలోని వైద్యులను పరీక్షించవలసిందిగా సినాన్ ఇబ్న్ సాబిత్‌ను ఆజ్ఞాపించాడు. 12వ శతాబ్దంలో సిరియాకు చెందిన అల్ షైజరీ, బజారు తనిఖీ చేసే ముహ్తసిబ్‌ల కోసం వ్రాసిన గ్రంథంలో ఇంకొక మంచి పద్ధతిని వివరించాడు. వైద్యుడు రోగలక్షణాలను, ఇచ్చిన మందులను కాగితంపై వ్రాసి, దాని ప్రతిని రోగి బంధువులకు ఇవ్వవలెను. రోగి మరణిస్తే వారు ఆ కాగితాలను ప్రసిద్ధుడైన మరొక వైద్యుని వద్దకు తీసుకొని పోతారు. తప్పు జరిగినదని అతడు తేల్చితే చికిత్స చేసిన వైద్యుడు పరిహారం చెల్లించవలెను. ఇందులో గమనింపదగిన విషయం ఒకటి కలదు. పరీక్షించేవాడు విద్య తెలిసినవాడే. కాని కాగితం మొదటినుండి రోగి బంధువుల చేతిలోనే ఉన్నది. మా ఖాలా విషయంలో ఆ కాగితం కోసం మేము నెలన్నర తిరిగాము.

నేడు మన దేశంలో బాధితుడైన రోగికి మూడు దారులు కలవు. మొదటిది క్రిమినల్ కేసు. వైద్యుని నిర్లక్ష్యాన్ని నేరంగా పరిగణించాలంటే అది చాలా తీవ్రమైనదై ఉండాలని, ముందుగా నిష్పాక్షికమైన వైద్యుని అభిప్రాయం తీసుకొనాలని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. ప్రతి మరణానికీ వైద్యుని జైలుకు లాగితే కత్తి పట్టే చేయి వణుకుతుంది గనుక ఈ తీర్పు సబబే. రెండవది వినియోగదారుల న్యాయస్థానం. ఈ దారి 1995లో సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడింది. ఇక్కడ లభించేది డబ్బు. 1995లోనే ఢిల్లీలో ఒక స్త్రీకి పరీక్ష కొరకని మత్తు ఇచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి అనుమతితో గర్భాశయాన్ని, అండాశయాలను తొలగించారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు ఇచ్చిన సమ్మతి కాదని, వయసు వచ్చిన స్త్రీ బదులు తల్లి సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. మంచి తీర్పే. కాని 13 సంవత్సరాలకు ఆమెకు దక్కిన పరిహారం 25,000 రూపాయలు!

మూడవ దారి వైద్యమండలి. జైలు ఒకరిని శిక్షిస్తుంది. పరిహారం ఒకరికి నష్టం పూడ్చుతుంది. తప్పు చేసిన చేయి రేపు మరొక రోగిపై పడకుండా ఆపేది మాత్రం రిజిస్టరు నుండి పేరు తొలగించే అధికారం. ఆ అధికారం మండలికే కలదు. అందుచేత రోగులందరికీ ఎక్కువ అక్కరకు వచ్చేది ఈ దారియే. దురదృష్టవశాత్తు అందరికన్న తక్కువ తెలిసినది కూడా ఇదే.

నియమాలు లేక కాదు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం, వైద్యుడు తన స్థానాన్ని ఆసరా చేసుకొని రోగితో అసభ్యంగా ప్రవర్తించడం దుష్ప్రవర్తన. వ్రాతపూర్వకమైన సమ్మతి లేక శస్త్రచికిత్స చేయడం, రోగి రహస్యాన్ని వెల్లడించడం, రోగిని పంపినందుకు కమీషను పుచ్చుకొనడం కూడా తప్పులే. రోగి అడిగిన 72 గంటలలో కాగితాలు ఇవ్వవలెను. ఫిర్యాదును ఆరు నెలలలో తేల్చవలెను. 2023 ఆగస్టులో క్రొత్త నియమావళి వెలువడినది గాని, అదే నెలలో దానిని నిలిపివేసి పాత నియమాలనే అమలులో ఉంచారు.

లోపం విచారణ నిర్మాణంలో ఉన్నది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 30వ సెక్షను, రాష్ట్రమండలి నిర్ణయంపై అప్పీలు చేసుకొనే హక్కును వైద్యునికి ఇచ్చింది. రోగి మాట అందులో లేదు. రోగి అర్జీని కమిషను దయతో స్వీకరించవచ్చును, త్రోసిపుచ్చవచ్చును. దయ వేరు, హక్కు వేరు. వాది, ప్రతివాదులలో ఒక్కరికే పై మెట్టు ఎక్కే నిచ్చెన వేసిన న్యాయం న్యాయమెట్లవుతుంది?

మన వైద్యమండళ్ళ వ్యవస్థకు మాతృక బ్రిటనులో 1858 చట్టంతో ఏర్పడిన వైద్యమండలి. అక్కడ హెరాల్డ్ షిప్‌మన్ అనే వైద్యుడు 1976లో దొంగ చీటీలతో మత్తుమందు సంపాదించినందుకు శిక్ష పొందాడు. మండలి హెచ్చరిక లేఖతో సరిపెట్టింది. అతడు తిరిగి వృత్తిలో చేరాడు. 15 మంది రోగులను హత్య చేసినట్లు 2000లో న్యాయస్థానం తేల్చింది. తరువాత జరిగిన విచారణ ఆ సంఖ్యను సుమారు 250గా అంచనా వేసింది. రోగులను కాపాడుటకన్న వైద్యుల పట్ల ఉదారంగా ఉండుటయే మండలికి అలవాటైనదని ఆ విచారణ మందలించింది. అటుపిమ్మట మండలిలో సగం స్థానాలు వైద్యులు కానివారికి ఇచ్చారు. తీర్పు చెప్పే పనిని 2012లో ప్రత్యేక ట్రిబ్యునల్‌కు అప్పగించారు. మన జాతీయ కమిషన్‌లో 33 మంది సభ్యులుండగా, న్యాయం, వైద్యనీతి, రోగుల హక్కులు మొదలైన అనేక రంగాలన్నింటికీ కలిపి చట్టం కేటాయించినది మూడే స్థానాలు.

వైద్యులపై ఇప్పటికే దాడులు జరుగుతున్నవి, ఇంకను అనుమానం పెంచుట ఎందుకని కొందరు అడుగవచ్చును. ఆసుపత్రి అద్దాలు పగులగొట్టుట, డ్యూటీ డాక్టరుపై చేయి చేసుకొనుట సిగ్గుమాలిన పనులు. కాని న్యాయం దొరికే తలుపు మూసి ఉన్నప్పుడే రాయి వైపు చేయి పోతుంది. రాత్రింబవళ్ళు కష్టపడే వైద్యులు మనకు వేలాదిగా ఉన్నారు. వారి పేరు ప్రతిష్ఠలను కాపాడేది కూడా కఠినమైన, నిష్పాక్షికమైన క్రమశిక్షణయే.

కనుక నా అభిప్రాయం ఇది. తప్పును పరీక్షించడానికి వైద్యులే కావలెను; కాని తీర్పు చెప్పే పీఠంపై వైద్యులు కానివారు కూడా సగం మంది ఉండవలెను. అప్పీలు హక్కు రోగికి చట్టంలోనే వ్రాయవలెను. సమ్మతి పత్రం రోగి చదువగల భాషలో ఉండవలెను.

మొదటి రెండును పార్లమెంటు చేయవలసిన పనులు. మూడవదానికి మన కళాశాల నుండే శ్రీకారం చుట్టవచ్చును. మనకు ఉర్దూ శాఖ ఉన్నది, తెలుగు శాఖ ఉన్నది. సమ్మతి పత్రం, కాగితాలు కోరే అర్జీ, మండలికి చేసుకొనే ఫిర్యాదు – ఈ మూడింటి నమూనాలను రెండు భాషలలో తయారుచేసి, న్యాయవాదులకు చూపించి, అచ్చు వేయించవలసిందిగా కమిటీ పెద్దలను కోరుతున్నాను. వాటిని మొహల్లాలకు తీసుకొనిపోయి చదివి వినిపించే పని విద్యార్థులది. మీలో రేపు వైద్యులయ్యే వారి తోబుట్టువులుంటారు, రోగులయ్యే వారి బిడ్డలుంటారు. మా ఖాలా సంతకం చేసినప్పుడు ఆమె ప్రక్కన చదివి చెప్పేవారు ఒక్కరు ఉన్నా చాలును. రేపు మరొకరి ప్రక్కన మీరు ఉండండి.