'సాగర్ కన్య' ఎక్కేదెవరు?

మా పిన్ని కూతురు సముద్ర శాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తోంది. ప్రాజెక్టు కోసం ఏదో ఒక విభాగం ఎంచుకోవాలి. తనకి భౌతిక సముద్ర శాస్త్రం ఇష్టం. ప్రవాహాలు, అలలు, నీటి వేడి, ఉప్పదనం, వీటికీ రుతుపవనాలకీ ఉన్న లంకె గురించి గంటలకొద్దీ చెబుతుంది. "దానికి రోజుల తరబడి ఓడ మీద ఉండాలమ్మా. ఆడపిల్లవి, ప్లవకాలు తీసుకో. ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుంటే సరిపోతుంది" అన్నారట మాస్టారు, ఆప్యాయంగానే.

ప్లవకాల చదువు తక్కువదని కాదు. భూమ్మీద తయారయ్యే ప్రాణవాయువులో దాదాపు సగం సముద్రంలోని వృక్ష ప్లవకాల చలవే. కానీ ఆ నమూనాలు ల్యాబులో పుట్టవు కదా! ఓడ మీంచి వల దించి తేవాల్సిందే. తెచ్చేది అబ్బాయిలు, లెక్కపెట్టేది అమ్మాయిలు. సముద్రాన్ని గంగమ్మ తల్లి అని మొక్కుతూనే ఆడవాళ్లని ఒడ్డున చేపల తట్ట దగ్గర ఆపేసిన పద్ధతికీ దీనికీ తేడా ఏమిటి?

అమెరికాలో మేరీ థార్ప్‌కి జరిగిందీ ఇదే. 1950లలో బ్రూస్ హీజెన్ వంటి మగవాళ్లు ఓడల మీద తిరిగి లోతుల లెక్కలు తెస్తే, ఆమె బల్ల ముందు కూర్చుని సముద్రగర్భం పటం గీసింది. అట్లాంటిక్ నడుమ పర్వతశ్రేణి వెంబడి చీలిక లోయ ఉందని చెబితే హీజెన్ మొదట ఆడవాళ్ల కబుర్లని కొట్టిపారేశాడు. నిజం ఆమెదే అయింది. ఓడ ఎక్కడానికి మాత్రం 1960ల దాకా ఆగాల్సి వచ్చింది.

మన దేశంలో 1983లో బయల్దేరిన మూడో అంటార్కిటికా యాత్రలో సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్, భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా వెళ్లొచ్చారు. అదే ఏడాది తయారైన మన పరిశోధన నౌకకి పెట్టిన పేరు 'సాగర్ కన్య'. ఓడకి కన్య అని పేరు పెట్టొచ్చు, కన్యలు మాత్రం ఎక్కకూడదా?

నేను సాహిత్యం మనిషిని. పీహెచ్‌డీకి వీధి భాగవతాల మీద పని చేస్తానంటే, "రాత్రుళ్లు ఊళ్లు తిరగాలి, నవలల్లో స్త్రీ పాత్రలు తీసుకో" అన్నారు. తీసుకున్నాను. అది నా ఎంపికేనని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. అందుకేనేమో, చెల్లి ఫోన్ చేసి అడిగితే నా నోటి వెంటా "పోనీలే, ప్లవకాలూ మంచివేగా" అనే వచ్చింది. ఆ మాటకి సిగ్గుపడుతున్నాను.

ఇబ్బందులు లేవనడం లేదు. అయితే విడి గది, మరుగుదొడ్డి, ఒక్కర్తినే కాక ఇద్దరు ముగ్గురు అమ్మాయిల్ని కలిపి పంపడం, వేధిస్తే ఓడ మీదే ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు, ఇవన్నీ చూడాల్సింది విశ్వవిద్యాలయం. మార్చాల్సింది ఓడని. మనం అమ్మాయి చదువుని మారుస్తున్నాం.

ఫారం ఇవ్వడానికి ఇంకా వారం గడువుంది. చెల్లికి నిన్న మళ్లీ ఫోన్ చేశాను.