ఐరాస దాకా వెళ్లిన హైదరాబాద్.. నల్గొండ, పాలమూరు పల్లెలు మాత్రం ఎవరికీ కనిపించలేదు!

సెప్టెంబర్ 17 వస్తోందంటే చాలు.. తెలంగాణలో అదే చర్చ. విలీనమా? విమోచనమా? విద్రోహమా? 2022లో కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినోత్సవం జరిపితే, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవం అంది. 2024లో కాంగ్రెస్ సర్కార్ ప్రజాపాలన దినోత్సవంగా మార్చింది. అదే ఏడాది, ఇకపై ఏటా ఆ రోజును హైదరాబాద్ విమోచన దినంగా జరుపుతామని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది.

పేర్లు మారుతున్నాయి. టీవీ డిబేట్ మాత్రం మారడం లేదు. నిజాం, పటేల్, ఖాసీం రజ్వీ.. ఈ ముగ్గురి చుట్టూనే తిరుగుతోంది. ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. 1948లో ప్రపంచం కూడా హైదరాబాద్‌ను ఇలాగే చూసింది.

ఎవరి లెక్క వాళ్లది

1947 జూన్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్.. బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోగానే తాము స్వతంత్రులమేనని ప్రకటించారు. దాదాపు కోటీ 60 లక్షల జనాభా ఉన్న రాజ్యం. చుట్టూ భారత భూభాగమే, సముద్రం లేదు. అందుకే పోర్చుగీసు గోవాలోని మర్మగోవా ఓడరేవు కోసం ప్రయత్నాలు జరిగాయి. పాకిస్థాన్‌కు 20 కోట్ల రూపాయల భారత ప్రభుత్వ సెక్యూరిటీలు అప్పుగా ఇవ్వడంపై ఢిల్లీ మండిపడింది. ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ విమానాలు కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు మోసుకొచ్చాయి. ఆ తర్వాత బ్రిటన్ కోర్టు ఆయనకు జరిమానా వేసింది.

లండన్‌లోనూ ఇదే గొడవ. నిజాంకు రాజ్యాంగ సలహాదారు బ్రిటిష్ లాయర్ వాల్టర్ మాంక్టన్. ప్రతిపక్ష నేత చర్చిల్ 1948 జులైలో పార్లమెంటులో హైదరాబాద్ తరఫున మాట్లాడారు. విదేశీ పత్రికలకైతే హైదరాబాద్ అంటే నిజాం సంపదే. 1937లోనే టైమ్ మ్యాగజైన్ ప్రపంచ కుబేరుడంటూ ఆయన బొమ్మ కవర్ పేజీ మీద వేసింది.

వీళ్లందరి ముందూ ఉన్న ప్రశ్న ఒక్కటే. ఈ గడ్డ మీద సార్వభౌమాధికారం ఎవరిది? నల్గొండ రైతు అడుగుతున్న ప్రశ్న వేరు. ఈ భూమి ఎవరిది? వెట్టి ఇంకెన్నాళ్లు? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది ఈ ప్రశ్న మీదే. ఇటు పాలమూరులో 1947 అక్టోబర్‌లో ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో పోలీసు కాల్పులకు పది మందికి పైగా బలయ్యారు.

ఆగస్టులో ఆ ఏడు రోజులు

1948 ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం భద్రతా మండలికి టెలిగ్రామ్ పంపింది. భారత్ తమను బెదిరిస్తోందని, ఆర్థికంగా దిగ్బంధం చేసిందని ఫిర్యాదు.

అదే రాత్రి హైదరాబాద్‌లో ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక ఎడిటర్ షోయబుల్లాఖాన్‌పై దాడి జరిగింది. రాసే చెయ్యి నరికేశారు. తెల్లారేసరికి ఆయన లేరు. చేసిన తప్పల్లా ఒక్కటే.. రజాకార్లను నిలదీయడం, భారత్‌లో చేరాలన్న ముస్లిం ప్రముఖుల ప్రకటనను అచ్చువేయడం.

ఆగస్టు 27న అప్పటి నల్గొండ జిల్లాలోని భైరాన్‌పల్లిపై రజాకార్లు, నిజాం బలగాలు విరుచుకుపడ్డాయి. తొంభై మందికి పైగా చనిపోయారు.

వారం తిరక్కుండానే ఈ మూడూ జరిగాయి. టెలిగ్రామ్ ఐరాసకు చేరింది. భైరాన్‌పల్లి గోడు అక్కడి ఎజెండాలోకి ఎక్కలేదు.

పల్లె కబురు బయటికి చేర్చే దారులు అప్పటికే సన్నగిల్లాయి. 1922లో నల్గొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చారు. 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. సర్కారు ఆంక్షల మధ్యే అవి నడిచాయి. షోయబుల్లాఖాన్ అంతకుముందు పనిచేసిన రయ్యత్ నిషేధానికి గురైంది. సరిహద్దు అవతల విజయవాడ నుంచి పోరాట వార్తలు ఇచ్చిన ప్రజాశక్తి కూడా 1948లోనే మూతపడింది. అటు దక్కన్ రేడియో, ఇటు ఢిల్లీ శ్వేతపత్రం.. ఎవరి వాదన వాళ్లది. పల్లెలో చిందిన రక్తం వాదనకు ఆధారంగా పనికొచ్చింది. పల్లె ఎందుకు తిరగబడిందన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

సైన్యం వచ్చాక..

సెప్టెంబర్ 13న సైనిక చర్య మొదలైంది. 16న పారిస్‌లో సమావేశమైన భద్రతా మండలి 8 ఓట్లతో అంశాన్ని ఎజెండాలో చేర్చింది. రష్యా, ఉక్రెయిన్, చైనా ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. మర్నాడే నిజాం ఓటమి ఒప్పుకున్నారు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు కబురు పంపారు. 1949 మేలో చివరిసారి చర్చ.. ఆ తర్వాత మండలిలో హైదరాబాద్ మాటే లేదు.

కానీ ఇక్కడ కథ ముగియలేదు. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత ముస్లింలపై జరిగిన హింసను తెలుసుకునేందుకు నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ.. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. నల్గొండలో రైతుల మీదికి ఇప్పుడు భారత సైన్యం వచ్చింది. సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. అంతకుముందే కమ్యూనిస్టు నేతలు మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిసొచ్చారు. అదీ విదేశీ ఆసక్తే. పల్లెల భవిష్యత్తుపై చర్చ మళ్లీ వేల మైళ్ల దూరంలోనే!

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాభావే భూదానం మొదలుపెట్టారు. రెండేళ్లకు ఆయన టైమ్ కవర్ మీదికెక్కారు. అంటే ప్రపంచ మీడియాకు నల్గొండ భూమి గొడవ బాగా కనిపించింది.. దానం మొదలయ్యాకే. దానికి ముందు ఐదేళ్లు జనం చేసిన పోరాటం అంతగా కనిపించలేదు.

ఇప్పుడైనా అడగాల్సింది

1948 సెప్టెంబర్‌లో లండన్‌లోని పాకిస్థాన్ హైకమిషనర్ ఖాతాలోకి వెళ్లిన 10 లక్షల పౌండ్ల నిజాం సొమ్ము కేసు 2019లో తేలింది. వడ్డీతో కలిపి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. 71 ఏళ్ల తర్వాత కూడా ఆ డబ్బుకు లెక్క దొరికింది. ఎందుకంటే బ్యాంకు రికార్డు ఉంది, అడిగేవాళ్లు ఉన్నారు.

అప్పంపల్లికి, కడవెండికి, భైరాన్‌పల్లికి అలాంటి రికార్డు అంత తేలిగ్గా దొరకదు. ఊళ్లో పెద్దవాళ్ల జ్ఞాపకాలే రికార్డు. వాళ్లూ ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఆ రోజును ఏ పేరుతో పిలవాలన్నది పార్టీలు ఎలాగూ తేల్చుకుంటాయి. మీడియా చేయాల్సిన పని వేరే ఉంది.. ఆ పెద్దవాళ్లు ఉండగానే వెళ్లి మైక్ పెట్టడం.