చెప్పారు, తెలిపారు, అన్నారు

తెలుగు పేపర్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే అక్షరం ఏది? నన్నడిగితే చిన్న ప్రోగ్రామ్ రాసి లెక్కపెట్టిస్తాను. మూడో తరగతి పిల్లలకు అంత శ్రమ అక్కర్లేకపోయింది. తలా ఒక ఎర్ర స్కెచ్ పెన్ను, పాత దినపత్రికలోంచి తలా ఒక పేజీ ఇస్తే పావుగంటలో తీర్పు చెప్పేశారు: ‘రు’. చెప్పారు, అన్నారు, తెలిపారు, పాల్గొన్నారు, పేర్కొన్నారు... పేజీ నిండా ఎర్ర సున్నాలే. ‘ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్తనే ఉన్నరక్కా’ అంది ఒక పిల్ల. పత్రికా రచన గురించి ఇంతకన్నా మంచి విమర్శ నేను వినలేదు.

మేముండేది మధురానగర్‌లో. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక సర్కారు ప్రాథమిక పాఠశాల ఉంది. మా ఆఫీసుకి శనివారం సెలవు, బడికి కాదు. అందుకని ఏడాదిన్నరగా శనివారం పొద్దున గంటన్నర అక్కడికి వెళ్తున్నాను. పిల్లల్లో చాలామంది కృష్ణానగర్ వైపు నుంచి వస్తారు. సినిమా అయిపోయాక తెర మీద పేర్లు పడుతుంటే మనం లేచి వెళ్లిపోతాం చూడండి, ఆ పేర్లలోని మనుషులు అద్దెకుండే పేట అది. లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ అసిస్టెంట్లు, క్రేన్ తోసేవాళ్లు.

వాచకంలో అక్షరాలు వరుసలో నిలబడి ఉంటాయి. పిల్లలు ‘క’ నుంచి ‘హ’ దాకా గడగడా అప్పజెప్తారు. మధ్యలో ‘ధ’ మీద వేలు పెట్టి అడిగితే మాత్రం మళ్లీ ‘క’ దగ్గర మొదలుపెట్టి నడుచుకుంటూ రావాలి. పేపర్లో ఆ వరుస ఉండదు. హెడ్డింగులో అరచేతంత, లోపల ఆవగింజంత, ప్రకటనలో వంకరటింకరగా, ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ‘న’ కిందకు ఇంకో ‘న’ ఎలా చేరుతుందో ‘అన్నారు’ని ఇరవైసార్లు చుట్టినవాడికి నేను వేరే చెప్పక్కర్లేదు. కొన్ని అసలు దొరకవు. ‘ఙ’ కోసం మూడు పేజీలు గాలించిన ఒకడు పెన్ను మూత పెట్టేసి, ‘ఇది పేపరోళ్ల దగ్గర లేదు’ అని తేల్చాడు.

ఇది నేను కనిపెట్టిన విద్యేమీ కాదు. అమెరికాలో 1930లలోనే న్యూయార్క్ టైమ్స్ పత్రికను బడుల్లోకి తీసుకెళ్లారు. మనదేశంలో టైమ్స్ ఆఫ్ ఇండియా ‘న్యూస్‌పేపర్ ఇన్ ఎడ్యుకేషన్’ అనే పేరుతో నడిపింది. అది ఇంగ్లిష్, పైగా ఎక్కువగా ఫీజులు కట్టగలిగే బడుల సంగతి. నాకు వీళ్లకంటే ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి పంతులు నచ్చుతాడు. సెలెస్టాఁ ఫ్రెనె అనే ఆయన 1924లో తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చి, పిల్లల చేత వాళ్ల సొంత పత్రికే వేయించాడు. మన దగ్గర పెద్దవాళ్ల కథ ఉండనే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ కబురు పేపర్లకెక్కి ఊరూరా పాకింది. 1993లో సారా బందైంది.

మొదట్లో ఒక తండ్రి నన్ను గేటు దగ్గర ఆపాడు. ‘తెలుగు పేపర్ చదివితే ఇంగ్లిష్ వస్తదా మేడమ్?’ కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. తెలుగు ఒక సబ్జెక్టుగా మిగిలింది. నేను చదివిందీ ఇంగ్లిష్ మీడియమే, తినేదీ ఆ తిండే, కాబట్టి ఆయన ఆశను తప్పుపట్టే హక్కు నాకు లేదు. అయితే అదే 2022లో జరిగిన అసర్ సర్వే ప్రకారం, దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 20.5 శాతమే. వాళ్లలో మిగతావాళ్లకు రానిది ఇంగ్లిష్ ఒక్కటే కాదండీ, చదవడమే. ఇంట్లో మాట్లాడే భాషలో అది ఒకసారి పట్టుబడితే రెండో భాషకు మోసుకెళ్లడం తేలిక అని నా నమ్మకం. ఆయనతో ఇంత ఉపన్యాసం చెప్పలేదు. ‘నాలుగు శనివారాలు చూడండన్నా’ అన్నాను.

ఈ పేటలో పాఠం మొదలయ్యేది సినిమా పేజీతోనే. రిలీజు ప్రకటనలో హీరో పేరును అక్షరాలు రానివాడు కూడా ‘చదివేస్తాడు’. బొమ్మ చూసి చెప్తున్నాడన్నమాట. బొమ్మ కత్తిరించేసి పేరు మాత్రం ఇస్తే అసలు ఆట అప్పుడు. థియేటర్ ఆట టైములతో గడియారం లెక్కలు, వాతావరణం డబ్బాలోని గరిష్ఠ కనిష్ఠాలతో తీసివేతలు. కూరగాయల ధరలైతే మరీ బాగుంటాయి. ఎర్రగడ్డ రైతుబజార్‌కి అమ్మతో వెళ్లే పిల్లలు పేపర్లో రాసిన టమాటా ధర తప్పని నాతో వాదిస్తారు. ఒకబ్బాయి ఇంట్లోంచి సియాసత్ తెచ్చాడు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదవాలని మిగతావాళ్లకు చూపించి, ఆ పూట వాడే మాకు మాస్టారు.

ఇబ్బందులు లేకపోలేదు. ‘ఉద్ఘాటించారు’ లాంటి మాట వస్తే ఎనిమిదేళ్ల పిల్లకి ఏం చెప్పాలి? గట్టిగా చెప్పాడని చెప్పి ముందుకెళ్తాను. హత్యల పేజీ, కొన్ని ప్రకటనలు శుక్రవారం రాత్రే తీసేస్తాను. సిరా ఇంకో సమస్య. ఆహార పదార్థాలను న్యూస్‌పేపర్లో చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ 2016లో, మళ్లీ 2023లో హెచ్చరించింది. మా వాళ్లేమో వేళ్లు నోట్లో పెట్టుకునే బాపతు. అందుకని పెన్నులతోపాటు సబ్బు కూడా నా బ్యాగులో ఉంటుంది.

ఇక జలమండలి ప్రకటన సంగతి. పైపుల మరమ్మతు ఉంటే ఫలానా రోజు ఫలానా ప్రాంతాలకు నీళ్లు రావని పేపర్లో ఊళ్ల పేర్లు వరసగా వేస్తారు కదా. పెద్దలం దాన్ని దాటేస్తాం. ఆ రోజు పేపర్ తాజాది. ఒకమ్మాయి తనకు తెలిసిన పేర్ల కోసం వెతుకుతూ ‘యూ... సు... ఫ్...’ దగ్గర ఆగింది. ఫకారం కిందకు గకారం ఎందుకు రాలేదని కాసేపు గొడవపడి, చివరికి ‘యూసుఫ్‌గూడ’ అని మొత్తం పలికింది. తర్వాత పై వాక్యం చదివింది. రేపు నల్లా రాదు! సోమవారం వాళ్లమ్మ బడికొచ్చింది. షూటింగులకు గుంపులో నిలబడటానికి వెళ్తుందావిడ. ‘పోరి పొద్దుగూకేదాంక బకెట్లు నింపిచ్చింది, నేను నమ్మలే. బస్తీల నీళ్లున్నది మా ఒక్కింట్లనే’ అని టీచరుతో చెప్పి వెళ్లిందట.

ఆ తర్వాత పిల్లలు మేమే పేపర్ వేస్తామన్నారు. అచ్చుయంత్రం ఎక్కడిది, చార్టు కాగితం మీద గోడపత్రిక. మొదటి సంచికలో వానకు బడి ముందు నీళ్లు నిలిచిన వార్త, ఒక కుక్క ఈనిన వార్త, ఇద్దరి పుట్టినరోజులు. రెండో సంచికలో నీలం స్కెచ్‌తో పెద్ద అక్షరాల్లో ఇలా రాశారు: ‘బుధవారం గుడ్డు పెట్టలేదు. గుడ్ల రేటు పెరిగిందని వంటక్క తెలిపారు.’

పెద్ద టీచర్ దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తే ముందు చూసేది ఆ గోడే. గుడ్లు కొని తెచ్చేది వంటక్క, బిల్లు డబ్బులు వచ్చేది తర్వాతెప్పుడో. మాట పడేదీ ఆవిడే. తీసేయమంటారేమోనని పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఆవిడ ఎర్ర పెన్ను తీసి ‘పెరిగిందని’లో ఎగిరిపోయిన సున్నా దిద్దారు. కింద ఒక వాక్యం కలపమన్నారు, ఎన్ని రోజులుగా బిల్లు రాలేదో వంటక్కనే అడిగి రాయమని. ఇద్దరు రిపోర్టర్లు నోటు పుస్తకం పట్టుకుని వంటగది వైపు పరిగెత్తారు.