తులం బంగారం ఉంటే జకాత్ ఇవ్వాలా, తీసుకోవాలా?

రంజాన్ దగ్గర పడుతోందంటే మసీదుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది: ఈసారి నిసాబ్ ఎంత? ఏటా వచ్చే ప్రశ్నే ఇది. కానీ బంగారం ధర ఇంతగా పెరిగాక ఆ ప్రశ్నకు బరువు కూడా పెరిగింది. ఎందుకంటే నిసాబ్ అనేది జకాత్ ఎవరు ఇవ్వాలో చెప్పే గీత మాత్రమే కాదు. ఎవరు తీసుకోకూడదో చెప్పే గీత కూడా అదే. ఇప్పుడు ఆ గీత మీద నిలబడి ఉన్నది డబ్బున్నోళ్లు కాదు, మెడలో ఒక గొలుసు తప్ప ఇంకేమీ లేని కుటుంబాలు.

ఒకప్పుడు రెండూ ఒకే విలువ

షరియత్‌లో జకాత్‌కు రెండు కొలతలు ఉన్నాయి. బంగారమైతే 20 మిస్ఖాల్‌లు, వెండి అయితే 200 దిర్హమ్‌లు. మన దేశంలో ఉలమా దీన్ని ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండిగా చెబుతారు. గ్రాముల్లో చూస్తే బంగారం 87.48, వెండి 612.36.

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. ఈ తులం పాత తులం, అంటే 11.664 గ్రాములు. ఈరోజు షాపులో తులం అంటే 10 గ్రాములే. కాబట్టి 'ఏడున్నర తులాలు' అంటే 75 గ్రాములు కాదు. షాపు తులాల్లో అది దాదాపు ఎనిమిది ముప్పావు.

ప్రవక్త (స) కాలంలో ఒక దీనార్‌కు సుమారు పది దిర్హమ్‌లు వచ్చేవి. అంటే 20 దీనార్లన్నా, 200 దిర్హమ్‌లన్నా విలువ ఒకటే. బంగారంతో చూసినా వెండితో చూసినా గీత ఒకే చోట ఉండేది. తర్వాతి శతాబ్దాల్లో వెండి వెనకబడింది, బంగారం ముందుకు పోయింది. గీత రెండు ముక్కలైంది.

ఎంత దూరమైందో చూద్దాం. 2025 ఏప్రిల్‌లో మన దేశంలో పది గ్రాముల బంగారం మొదటిసారి లక్ష రూపాయలు తాకింది. ఆ రోజుల్లో కిలో వెండి కూడా లక్షకు దగ్గర్లోనే ఉంది. ఆ తర్వాత రెండూ ఇంకా పెరిగాయి. లెక్క సులువుగా ఉండడానికి ఇక్కడ గ్రాము బంగారం 10,000 రూపాయలు, గ్రాము వెండి 100 రూపాయలు అనుకుందాం. అప్పుడు బంగారం నిసాబ్ 8,74,800 రూపాయలు. వెండి నిసాబ్ 61,236 రూపాయలు. రెండింటి మధ్య తేడా పద్నాలుగు రెట్లు. నగదుకు, వ్యాపార సరుకుకు మన దగ్గర ఉలమా ఎక్కువమంది వెండి నిసాబ్‌నే తీసుకుంటారు. తక్కువ గీత పెడితే ఎక్కువమంది ఇస్తారు, పేదలకు ఎక్కువ చేరుతుంది అన్నది వాళ్ల వాదన.

ఇద్దరు ఆడవాళ్ల లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న ఒక వితంతువు ఉంది. పెళ్లిలో పెట్టిన గొలుసు ఒక తులం, అంటే లక్ష రూపాయలు. డబ్బాలో దాచిన నగదు 2,000. ఇంకో ఇంట్లో ఎనిమిది తులాల నగలున్న ఇల్లాలు. ఆమె దగ్గర వెండి లేదు, సొంతంగా నగదు లేదు. నగల విలువ 8 లక్షలు.

హనఫీ ఫిఖ్ ప్రకారం రెండో ఆమెకు బంగారం ఒక్కటే ఉంది. 80 గ్రాములు, 87.48 కంటే తక్కువ. జకాత్ ఫర్జ్ కాదు. మొదటి ఆమె దగ్గర బంగారంతో పాటు నగదు ఉంది కాబట్టి రెండూ కలపాలి. కలిపితే 1,02,000, వెండి నిసాబ్ దాటింది. చాంద్రమానం ప్రకారం ఏడాది నిండితే ఆమె సాహిబె నిసాబ్. 2,550 రూపాయలు జకాత్ ఇవ్వాలి. అంతకన్నా పెద్ద విషయం, ఆమె జకాత్ తీసుకోవడానికి అర్హురాలు కాదు.

నిజానికి సొంతంగా పైసా కూడా లేని ఆడమనిషి అరుదు. రెండో ఆమె పర్సులో ఆ రోజు వంద రూపాయలు మిగిలి ఉన్నా లెక్క మారిపోతుంది, జకాత్ 20 వేలు దాటుతుంది. కానీ తులం దగ్గర ఆగిపోయిన ఆమె పరిస్థితి మాత్రం ఊహ కాదు. మన బస్తీల్లో ప్రతి గల్లీలో ఉన్నదే.

హనఫీ ఫిఖ్‌లోనే రెండు మాటలు

ఈ సమస్య ఉలమాకు కొత్త కాదు. బంగారాన్ని, నగదును ఎలా కలపాలన్న దాని మీద హనఫీ మజ్హబ్‌లోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఇమామ్ అబూ హనీఫా (ర) విలువ కట్టి కలపమన్నారు. పైన చూసిన లెక్క అదే, మన దగ్గర ఎక్కువగా ఫత్వా ఇచ్చేదీ దాని మీదే. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్ (ర), ఇమామ్ ముహమ్మద్ (ర) భాగాల లెక్కన కలపమన్నారు. అంటే బంగారం దాని నిసాబ్‌లో ఎంత శాతమో, వెండి లేదా నగదు దాని నిసాబ్‌లో ఎంత శాతమో చూసి, రెండూ కలిపి నూరు శాతం అయితేనే జకాత్.

ఈ రెండో పద్ధతిలో వితంతువు గొలుసు బంగారం నిసాబ్‌లో 11 శాతం పైచిలుకు. ఆమె 2,000 రూపాయలు వెండి నిసాబ్‌లో 3 శాతం పైచిలుకు. మొత్తం 15 శాతం కూడా కాలేదు. ఆమె ఇవ్వక్కర్లేదు. అదే ఎనిమిది తులాల ఇల్లాలి దగ్గర 10,000 నగదు ఉంటే, 91 శాతానికి 16 శాతం కలిసి నూరు దాటుతుంది. ఆమె ఇవ్వాల్సిందే. పేదను వదిలి ఉన్నవాళ్లను పట్టుకునే లెక్క ఇది.

వేరే దారులూ ఉన్నాయి. షాఫయీ మజ్హబ్‌లో ఒంటి మీద వేసుకునే మామూలు నగలకు జకాత్ లేదు. హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ మూలాలున్న కుటుంబాలు అనుసరించేది ఆ మజ్హబ్‌నే. నగదుకు బంగారం నిసాబే సరైనదని అన్నవారిలో ప్రముఖ పండితుడు యూసుఫ్ అల్ ఖర్జావీ ఒకరు. అయితే దానివల్ల 61 వేలకు, 8.74 లక్షలకు మధ్య నగదు ఉన్న మధ్యతరగతి అంతా జకాత్ నుంచి తప్పుకుంటుంది. ఇప్పుడు బస్తీ కమిటీల పెట్టెలు నింపుతున్న వాళ్లలో చాలామంది వాళ్లే. ఏ మాట మీద నడవాలన్నది ముఫ్తీలు చెప్పాల్సిన విషయం. ఎవరికి వాళ్లు తేలికైనది ఏరుకునేది కాదు.

సర్కారు పేద, షరియత్ సంపన్నురాలు

తెలంగాణలో రేషన్ కార్డుకు ఏడాది ఆదాయం చూస్తారు. పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఉండాలి. జకాత్ ఆదాయం చూడదు, చేతిలో మిగిలిన ఆస్తిని చూస్తుంది. అందుకే ఒకే ఇల్లు సర్కారు దృష్టిలో పేద, నిసాబ్ లెక్కలో ఇచ్చే ఇల్లు అవుతోంది.

షాదీ ముబారక్‌నే చూడండి. 2014లో 51 వేలతో మొదలైన ఈ సాయం 2018 నాటికి 1,00,116 రూపాయలైంది. ఇప్పుడు ఆ మొత్తంతో తులం బంగారం రావడమే కష్టం. అయినా ఆ డబ్బుతో కొన్న చిన్న గొలుసు, చేతిలో ఉన్న కొద్ది నగదు కలిస్తే చాలు, పేదింటి పెళ్లికూతురు అని సాయం అందుకున్న అమ్మాయే ఏడాది తిరిగేసరికి జకాత్ ఇవ్వాల్సిన మనిషి అవుతుంది.

ఇచ్చేవాళ్లకూ ఇబ్బంది లేకపోలేదు. 15 తులాల నగలున్న ఇంట్లో ఈ ధర ప్రకారం జకాత్ 37,500 రూపాయలు. కొన్ననాటి ధర కాదు, లెక్క కట్టే రోజు ధరే చూడాలి. మజూరీ లెక్కలోకి రాదు. నెలకు 20 వేలు సంపాదించే ఇంటికి ఇది రెండు నెలల జీతానికి దగ్గర. ఫర్జ్ భార్య మీదే, నగలు ఆమెవి కాబట్టి. భర్త ఆమెకు చెప్పి ఆమె తరఫున ఇవ్వొచ్చు. ఒకేసారి కష్టమైతే నెలనెలా ముందుగానే కొంచెం కొంచెం ఇస్తూ పోయి, ఏడాది చివర లెక్క సరిచూసుకోవచ్చు. రంజాన్ చివరి పది రోజుల్లో అప్పు కోసం పరిగెత్తడం కన్నా ఇది మేలు.

కమిటీలు ముందు ఏం అడగాలి?

అసలు చిక్కు పంచే దగ్గర వస్తోంది. సాయం కోసం వచ్చిన ఆడమనిషిని కమిటీ వాళ్లు మొదట అడిగేది, 'బంగారం ఉందా?' అని. ఉందంటే పేరు కొట్టేస్తారు. కాబట్టి ఆమె గొలుసు తీసి ఇంట్లో పెట్టి, లేదని చెబుతుంది. అల్లా పేరు మీద ఇచ్చే డబ్బు కోసం అబద్ధం ఆడాల్సి వస్తోంది. కొన్ని చోట్ల కమిటీలే చూసీచూడనట్టు ఇచ్చేస్తాయి. అప్పుడు ఇచ్చినవాడి ఫర్జ్ సంగతేంటన్న ప్రశ్న మిగులుతుంది.

మొదట అడగాల్సింది అప్పు గురించి. తీర్చాల్సిన అప్పు తీసేశాకే నిసాబ్ చూస్తారు. ఆ వితంతువుకు ఆసుపత్రి అప్పు 50,000 ఉంటే, 1,02,000లో అది పోను మిగిలేది 52,000. వెండి నిసాబ్ కంటే తక్కువ. అబూ హనీఫా (ర) లెక్కలోనే ఆమె ఇవ్వక్కర్లేదు, తీసుకోవచ్చు కూడా. సూరె తౌబా 60వ ఆయత్‌లో చెప్పిన ఎనిమిది వర్గాల్లో అప్పుల పాలైనవాళ్లు ఉండనే ఉన్నారు. కిరాయి బాకీ, కిరాణా ఖాతా, వడ్డీ వ్యాపారి దగ్గర తీసుకున్న అసలు, ఇవన్నీ రాసుకుంటే గొలుసు దాచాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

అప్పు లేదు, గొలుసు ఉంది, ఇంట్లో బియ్యం లేవు. ఇలాంటి వాళ్లకు జకాత్ పైసా ఇవ్వలేరు. హనఫీ లెక్కలో ఫిత్రా కూడా కుదరదు. కానీ నఫిల్ సదఖా ఎవరికైనా ఇవ్వొచ్చు, ముస్లిమేతర పొరుగువాళ్లకు కూడా. సమస్య ఏమిటంటే చాలా బస్తీల్లో పెట్టె ఒకటే. జకాత్, ఫిత్రా, సదఖా అన్నీ అందులోనే పడతాయి. పడ్డాక ఏది ఏదో ఎవరికీ తెలియదు. రెండు పెట్టెలు, రెండు ఖాతా పుస్తకాలు, రెండు క్యూఆర్ కోడ్‌లు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇచ్చేవాళ్లు కూడా డబ్బు పంపేటప్పుడు అది జకాతా, సదఖానా ఒక్క మాట రాస్తే చాలు.

బంగారం ధర మన చేతుల్లో లేదు. నిసాబ్ మీద ఫత్వా మార్చడం ఉలమా పని. పుస్తకం సరిగ్గా రాయడం మాత్రం ప్రతి కమిటీ చేతిలో ఉన్న పనే. అది జరిగితే ఈ రంజాన్‌లో ఒక తల్లి తన గొలుసు మెడలో ఉంచుకునే, నిజం చెప్పి సాయం తీసుకోగలుగుతుంది.