మేళగాడును మోటారు డోలును

భాద్రపద శుద్ధ చవితినాడు ఆరంభమై 21 దినములు సాగు కాణిపాక వరసిద్ధి వినాయకుని బ్రహ్మోత్సవములలో, స్వామి వాహనమెక్కి వీధికి వెడలునపుడు నాదస్వరమును డోలును ముందు నడచుట నేటికిని చూడవచ్చును. అదే చవితికి చుట్టుపట్ల పల్లెలలో పందిళ్లు వేసి నిలిపిన విగ్రహములు నిమజ్జనమునకు కదలునపుడో, ట్రాక్టరుపై నిలువెత్తు స్పీకరు పెట్టెలు, వాని వెనుక జనరేటరు, దాని ప్రక్కను లాప్‌టాపు ముందు కూర్చున్న యొక కుఱ్ఱవాడు కానవత్తురు. ఈ రెంటిని చూపి, శాస్త్రీయసంగీతమును ఆధునికసంగీతము మ్రింగివేయుచున్నదని పెద్దలు నిట్టూర్చుటయు, పాతదానిని పట్టుకొని వ్రేలాడువారికి కాలము తెలియదని యువకులు నవ్వుటయు మనకు పరిపాటియైనది. ఈ వ్యాజ్యమున ఇరుపక్షములవారును గట్టు తప్పు చోట వేసిరని నా యభిప్రాయము.

పాతదనగా ఎంత పాతదో మొదట విచారింతము. కాణిపాకమునకు సుమారు 70 కిలోమీటర్ల దూరమున నున్న తిరుపతిలో ప్రతిదినమును వినవచ్చు అన్నమాచార్య సంకీర్తనములకంటె ప్రాచీనమైన సంపద మనకేమున్నదని ఎవరైనను అడుగుదురు. అన్నమయ్య (1408–1503) 32 వేల సంకీర్తనములు రచించెనని ప్రతీతి. తిరుమల ఆలయములోని యొక చిన్న అఱలో శతాబ్దములపాటు మఱుగుపడియుండి, ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున వెలుగుచూచిన రాగిఱేకులలో దొరకినవి ఇంచుమించు 14 వేలు. ఆ ఱేకులపై పాట పాటకును రాగనామము చెక్కబడియున్నదే కాని, దానినెట్లు పాడవలెనో తెలుపు స్వరలిపి చాలవఱకు లేదు. పాడెడి పరంపరయు నడుమ తెగినది. కావున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, 1978లో దేవస్థానమువారు నెలకొల్పిన అన్నమాచార్య ప్రాజెక్టునందు జీవితమును ధారవోసి 2025 మార్చిలో దివంగతులైన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు మొదలగు వారు కూర్చిన వరుసలనే నేడు మనము అన్నమయ్య పాటలుగా వినుచున్నాము. చేతిలో సాహిత్యమును పెట్టుకొని దానికి తగిన వరుసను వెదకుట సినిమా సంగీతదర్శకుడు చేయు పనియే. వీరును అదే పనిని భక్తితోను, విద్వత్తుతోను చేసిరి. ఆ వరుసలు నిన్నమొన్నటివని తెలిసినంతమాత్రమున వానిపై నాకు గౌరవము తఱుగలేదు, పెరిగినది.

ఇంకొక యుదాహరణము వినాయకునిదే. ముత్తుస్వామి దీక్షితుల ‘వాతాపి గణపతిమ్’ కృతితో కచేరి ఆరంభించుట మనకు ఆచారమువలె నైనది. ఆ కృతికి ఆధారమైన హంసధ్వని రాగమును కల్పించినవాడు దీక్షితుల తండ్రియైన రామస్వామి దీక్షితులేయని సంగీతచరిత్రకారులు చెప్పుదురు. అనగా ముత్తుస్వామి దీక్షితులకు హంసధ్వని ఇంటిలో పుట్టిన క్రొత్త రాగము. ఆయన కుంఫిణీవారి బ్యాండు వరుసలను విని వానికి సంస్కృత సాహిత్యమును కూర్చెను. ఆయన తమ్ముడు బాలుస్వామి తెల్లవారి వాద్యమైన ఫిడేలును నేర్చి మన సంగీతమునకు దానిని అలవాటు చేసెను. ఆనాటి ఛాందసులు ఆ ఫిడేలును చూచి ఏమనిరో ఊహించుకొనవచ్చును.

కావున కాలమును బట్టి గీత గీయరాదు. నా దృష్టిలో గీత వేఱొకచోట నున్నది: ఎదుటనున్న మనుష్యులను వినుచు వాయించువాడు ఒకవైపు, వినక మ్రోగునది ఇంకొకవైపు. దేవుడు గుడి దాటునపుడు గంభీరనాట రాగములో మల్లారి యను ఊరేగింపు వరుస నెత్తుకొను నాదస్వర విద్వాంసుడు, వాహనము మోయువారి అడుగునకు తన కాలమును సరిచూచుకొనును. మలుపులో హారతికై స్వామి నిలిచినచో అచ్చట రాగమును పెంచును. జనము పలుచనైన చోట ముగించి ముందునకు సాగును. డోలుకాడు కుడిచేతి వ్రేళ్లకు తొడుగులు తొడిగి, ఎడమచేత పుల్ల పట్టి, సహచరుని ఊపిరిని చూచి తన జతిని అల్లును. తిరుపతి గంగమ్మ జాతరలో తప్పెటను మంటకు కాచి శ్రుతి తెచ్చుకొను వాయిద్యకాడును, పల్లెలో చెక్కభజన ఆడించు గురువును ఏ రాగలక్షణ గ్రంథమును చదువకపోయినను ఈ పక్షమువారే. ట్రాక్టరుపై పెట్టెకు మాత్రము ఆస్పత్రి ముందున్నదో, పొలము ముందున్నదో తెలియదు. వంతెనపైనను, వాకిటిలోను అదే దరువు, అదే హోరు. ఆ పెట్టెలో అన్నమయ్య పాటనే రీమిక్సు చేసి పెట్టినను ఈ లోపము తీరదు.

యంత్రమనగానే పండితులు ముక్కు విఱుచుటయు నాకు సమ్మతము కాదు. గమకము పలుకదని 1940 మొదలు ఇంచుమించు మూడు దశాబ్దములు ఆకాశవాణి హార్మోనియమును గడప తొక్కనీయలేదు. పాలకొల్లునందు 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ విద్యుత్తుతో పలుకు విదేశవాద్యమును పట్టి, అదే గమకమును దానినుండి పిండి చూపెను. ఉదాహరణమునకు, తోడిరాగములోని గాంధారము నిలిచియుండు స్వరము కాదు, ఊగునది. గట్టిగా బిగించిన ఆటోట్యూను ఆ ఊపును దోషముగా నెంచి సమీపమున నున్న స్థిరస్వరమునకు లాగివేయును. ఇది యంత్రము చేసిన తప్పు కాదు. స్టూడియోలో కూర్చున్న మనుష్యుడు తన చెవిని దానికి అప్పగించుటయే తప్పు. లయకు మాటలను బిగించి పలుకు ర్యాప్ గాయకునిలో హరికథకుని పోలికను నేను చూతును. అతడెదుట నిలిచి పాడుచున్నాడు కదా!

ఇక శాస్త్రీయ పక్షమువారు వినవలసిన మాట. ఎన్నియో ఆలయములలో హారతివేళ డోలును, గంటలను కొట్టుటకు మోటారుతో నడచు యంత్రమును బిగించిరి. మీట నొక్కినచో చాలును, వాద్యకారునితో పని లేదు. డీజేను నిందించు పెద్దలే ఆ యంత్రమునకు విరాళమిచ్చి తమ పేరును దానిపై వ్రాయించుకొనుట నేను చూచితిని. మంగళవాద్యమును తరతరములుగా నిలిపిన నాయీబ్రాహ్మణులకు సభలో ఫిడేలు విద్వాంసునితో సమానమైన ఆసనము మనమెన్నడిచ్చితిమి? గుంటూరు సీమలో పెరిగి శ్రీరంగనాథుని సన్నిధిని వాయించిన షేక్ చినమౌలానాగారికి 1998లో సంగీతకళానిధి బిరుదు దక్కినది. అంతటి ప్రతిభ లేని సామాన్య మేళగానికి పెండ్లిలో భోజనము చివరి పంక్తిలోనే. ఈ చిత్తూరు సీమయందే పుంగనూరులో 1898లో పుట్టి, 1954లో అదే బిరుదు నందిన చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లెగారి పేరు నేటి చిత్తూరు యువకులలో ఎందఱికి తెలియును? చెప్పనివారము మనమే.

కాణిపాకపు స్థలపురాణములో ముగ్గురన్నదమ్ములు, ఒకడు గ్రుడ్డి, ఒకడు మూగ, ఒకడు చెవిటి, బావి త్రవ్వుచుండగా స్వామి బయల్పడి వారి లోపములను పోగొట్టెనని కలదు. చెవిటివానికి వినికిడి నిచ్చిన దేవుని పేరనే చెవులు పగులు హోరు చేయుట విడ్డూరము. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమావళి నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లుల హద్దు విధించి, రాత్రి 10 గంటలు దాటిన పిమ్మట బహిరంగమున స్పీకర్లను సామాన్యముగా నిషేధించినది. కాని పోలీసులచేత పెట్టె కట్టించినంతమాత్రమున ఆ చోట మేళము మొలవదు.

పందిరి సంఘములవారు చందాలలో పెట్టెల అద్దెకు వెచ్చించు సొమ్మున సగమైనను మేళమునకు కేటాయించి, పూజవేళ అరగంటకు గాక ఊరేగింపు పొడవునను వారిని నడిపింపవలెను. లాప్‌టాపు ముందు కూర్చున్న కుఱ్ఱవానిని వెడలగొట్టక, ముందు నెలలోనే చెక్కభజన గురువును పిలిపించి అతనిచేతికి చెక్కలీయవలెను. తిరుపతిలో దేవస్థానమువారు నడుపు నాదస్వర, డోలు పాఠశాలనుండి వెలువడు విద్యార్థులకు చిత్తూరు సీమ పందిళ్లు తొలి వేదికలు కావచ్చును. భాద్రపదము శూన్యమాసమగుటచే పెండ్లి ముహూర్తములుండవు. మేళగాండ్రు ఆ నెలలో చాలవఱకు పనిలేక యింటనే యుందురు, పిలిచినచో వత్తురు.