ఆటగానికి యంత్రోపదేశము

సాము నేర్చువానికైనను, పరుగు నేర్చువానికైనను తన దోషము తనకు కానరాదు. దానిని చూపుటకు గురువు కావలెను. అయితే గురువొక్కడు, శిష్యులనేకులు. ఈ కొఱత తీర్చుటకై నేడు చేతికిని, కాలికిని కట్టుకొను చిన్న యంత్రములు వెలసినవి. అడుగు బరువుగా పడినను, చేయి వంకరగా తిరిగినను ఇవి ఆ క్షణముననే మ్రోగియో, అదరియో హెచ్చరించును. ఇట్టివి పాఠశాలల క్రీడాస్థలములకు మేలా, కీడా యని విచారింపవలసియున్నది.

మేలు లేకపోలేదు. 2011వ సంవత్సరమున క్రోవెల్, డేవిస్ అను పరిశోధకులు పదిమంది పరుగువాండ్ర ముంగాలి ఎముకపై యంత్రము కట్టి, ప్రతి యడుగు తాకిడిని వారి కన్నులయెదుట తెరపై చూపిరి. ఎనిమిది పర్యాయముల సాధనతో ఆ తాకిడి ఇంచుమించు సగము తగ్గెను. ఎముక బీటలు వారి ఆట మానుకొను యువకులకు ఇది స్వల్పలాభము కాదు.

కాని యిందొక రహస్యము గలదు. కడపటి నాలుగు పర్యాయములలో వారు ఆ తెరను క్రమక్రమముగా తొలగించిరి. నెలదినములు గడచినను ఫలము నిలిచెను. ఎడతెగక తప్పొప్పులు చెప్పుచున్నచో సాధనకాలమున నేర్పు హెచ్చినట్లు తోచినను, ఆ సాయము తొలగినంతనే దిగజారునని సాల్మోనీ, ష్మిట్, వాల్టరు అను పండితులు 1984లోనే హెచ్చరించియుండిరి. నడుమునకు సొరబుఱ్ఱ కట్టుకొని యీత నేర్చువాడు దానిని విప్పనిచో ఎన్నటికి ఈతగాడగును?

మఱియు యంత్రము తాకిడి యెంతయో చెప్పును. ఏల కలిగెనో చెప్పజాలదు. ఆ బాలుడు అలసినాడో, ఉదయము అన్నము తినక వచ్చినాడో ఎఱుగునది డ్రిల్లుమాష్టరుగారే.

కావున నా యభిప్రాయమిది. ప్రతి విద్యార్థికి ఒక యంత్రము అక్కఱలేదు. పాఠశాలకు ఒకటి రెండున్న చాలును. అవి ఉపాధ్యాయుని యధీనమున నుండి, దోషమున్నవానికి కొలదిదినములు తోడ్పడి, పిమ్మట తొలగిపోవలెను. లేనిచో ధనికుల బిడ్డలకు యంత్రమును, బీదలకు నిరాశయు మిగులును.

ఫిన్లాండు వీరుడు పావో నూర్మి చేత గడియారము పట్టి పరుగెత్తుటకు ప్రసిద్ధుడు. 1924లో పారిసునందలి ఒలింపిక్కు క్రీడలలో 1500 మీటర్ల పందెమున ఆ గడియారమును పచ్చికపై విసరివైచి, కడపటి చుట్టు పరుగెత్తి గెలిచెను. సోదర విద్యార్థులారా, యంత్రమును చేపట్టుటయే కాదు, విడుచు సమయమెఱుగుటయు విద్యయే.